గురువారం డ్రిల్లు, శుక్రవారం టకటకలు

పొద్దున్నే లేచి ముఖం కడుక్కున్నాక, కాఫీ కంటే ముందు, ఎవాల్డ్ థేలెన్ చేసే మొదటి పని బ్యాటరీలను పలకరించడం. పెరట్లో కొట్టం తలుపు తీసి, అరమీద వరసగా కూర్చున్న పదకొండు బ్యాటరీల బొత్తాలూ ఒక్కొక్కటే నొక్కేవాడు. మూడు దీపాలు వెలిగితే "శభాష్" అనేవాడు. రెండే వెలిగితే ఏమీ అనకుండా ఛార్జరులో పెట్టేవాడు. ఒక్కటే వెలిగితే మాత్రం, "రాత్రంతా ఎక్కడ తిరిగొచ్చావురా?" అని నిలదీసేవాడు. ఆఖరి బొత్తం నొక్కిన చేత్తోనే సిలువ గుర్తు వేసుకుని ఇంట్లోకి వచ్చేవాడు. చలికాలం వస్తే ఆ పదకొండింటికీ వంటింట్లో రొట్టెల పెట్టెలో పక్క. చలికి బ్యాటరీలు నీరసిస్తాయట. రొట్టెలు బల్లమీద పడి ఎండేవి.

"మా ఇంట్లో బ్యాటరీకి దుప్పటి, రొట్టెకి జలుబు" అనేది ఆయన భార్య ఆగ్నెస్.

ఎవాల్డ్ జర్మనీలోని మా ఐఫెల్ కొండల్లో ముప్పై ఎనిమిదేళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి. ఏ ఇంట్లో ఏ తలుపు కిర్రుమంటుందో, ఎవరి మెట్టు కదులుతుందో ఆయనకు తెలుసు. రిటైరయ్యాక ఆ కిర్రులన్నీ బాగుచేయడం మొదలుపెట్టాడు. దానికి కావలసిన సామానంతా కొండ కింద పట్నంలో ఉన్న చౌక సూపర్‌మార్కెట్టులో కొన్నదే. అక్కడ గురువారం గురువారం కొత్త సరుకు దిగుతుంది. పాలు ఒక పక్క, సబ్బులు ఒక పక్క, నడి వరసలో మాత్రం గంపల నిండా డ్రిల్లులు, రంపాలు, ఈతకళ్ళద్దాలు, గుర్రపు జీనులు. ఒకసారి వెన్న తెమ్మంటే వెల్డింగ్ మిషనుతో తిరిగొచ్చాడు.

"వెన్నేదయ్యా?" అంది ఆగ్నెస్.

"అయిపోయిందట."

"సూపర్‌మార్కెట్లో వెన్న అయిపోయిందా?"

"నేను ఆ వైపు వెళ్ళేసరికి నా చేతులు ఖాళీగా లేవు."

ఈ సరుకంటే గిట్టనివాడు ఒకడున్నాడు. ఆగ్నెస్ తమ్ముడు లియో పౌలీ. మూడు తరాల వడ్రంగి కార్ఖానా వాళ్ళది. లియో దగ్గర ఒక్క డ్రిల్లు ధరకి ఎవాల్డ్ కొట్టం మొత్తం వచ్చేస్తుంది. ఆదివారం పూజ అయ్యాక చర్చి మెట్ల మీద బావా బావమరుదుల కచేరీ మాకందరికీ ఉచితం.

"బావా, ఈ గురువారం ఏం తెచ్చావు? బొమ్మా, మిషనా?"

"గ్రైండరు. పంతొమ్మిది యూరోల తొంభై తొమ్మిది."

"నేను కొనే దుకాణంలో ఆ డబ్బుకి గ్రైండరు పెట్టుకునే సంచీ వస్తుంది."

"మరి నువ్వు సంచీతో కోసుకో, నేను గ్రైండరుతో కోసుకుంటా."

"ఎన్నాళ్ళుంటుందంటావ్?"

"మూడేళ్ళు హామీ. నీకెన్నాళ్ళుందో కాగితం మీద ఎవరైనా రాసిచ్చారా?"

నిజం చెప్పాలంటే ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. నేను ఈ ఊళ్ళో చర్చి బట్టలు ఉతికి ఇస్త్రీ చేస్తూ ముప్పై ఏళ్ళు గడిపినదాన్ని, నాకు మిషన్ల సంగతి ఏం తెలుసు? అయినా ఎవాల్డ్ సామాను మా ఇస్త్రీ గదిలో కూడా పనిచేసింది కనుక చెప్తాను. ఆయన చెక్కని నున్నగా రుద్దే మిషను పదకొండేళ్ళయినా రుద్దుతూనే ఉంది. గ్రైండరు గాడిదలా పనిచేస్తుంది, గాడిదలాగే అరుస్తుంది. సన్నరంపం మాత్రం నిటారుగా కోయమంటే ఎడమకి వాలుతుంది. దాంతో కోసిన నా అల్మైరా అర మీద ఇప్పటికీ సాంబ్రాణి డబ్బా నిలవదు, మెల్లగా జారి నా దగ్గరికే వస్తుంది. అదొక సౌకర్యమే. కంచె మొక్కలు కత్తిరించే మిషను ఒకటి గడువుకు మూడు వారాల ముందు చచ్చిపోయింది. పట్టుకెళితే డబ్బు తిరిగిచ్చేశారు. ఎవాల్డ్ ఆ సాయంత్రం మరియమ్మ ముందు కొవ్వొత్తి వెలిగించి, "ఇంకో నెలాగి చస్తే ఏం చేసేవాణ్ణి తల్లీ" అని నిండు మనసుతో దణ్ణం పెట్టుకున్నాడు.

రోజంతా పనిచేసే లియోకి అవి పనికిరావు. ఏడాదికి ఐదు చిల్లులు వేసుకునే ఊరికి అవి చాలు. పైగా ఆ ఐదు చిల్లులూ వేసేది ఎవరికి వారు కాదు, అందరికీ కలిపి ఎవాల్డే. లేదంటే మిషను అరువిచ్చేవాడు. అరువిస్తే బ్యాటరీ నిండుగా ఉండేది, పెట్టెలో ఒక జత చేతితొడుగులు కూడా ఉండేవి. పక్కింటి మార్లీస్‌కి ఎనభై ఒకటి, చూపు తక్కువ. ఆవిడకిచ్చే డ్రిల్లుకి ఏ బొత్తం నొక్కాలో తెలిసేలా ఎర్ర ఊలుదారం కట్టి ఇచ్చేవాడు.

అయితే ఆయన మాత్రం ఎవరి దగ్గరా ఏదీ అరువు తీసుకోలేదు. ఒక్క మేకు కూడా. ఎవాల్డ్ చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఒక చిత్రిక కోసం లియో వాళ్ళ నాన్న కార్ఖానా వాకిట్లో టోపీ చేత్తో పట్టుకుని గంటసేపు నిలబడ్డాడట. లోపల పెద్దాయన కాఫీ తాగుతున్నాడట. ఎవాల్డ్ ఆ ఇంటి పిల్లనే పెళ్ళి చేసుకున్నాడు గానీ, ఆ ఇంటి ఉలి ముట్టలేదు. "పిల్లనడిగావు కదయ్యా, ఉలి అడగడానికేం?" అంటే, "పిల్ల తనే వస్తానంది" అనేవాడు.

ఇక టకటకల పెట్టె సంగతి. ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర గురువారం సాయంత్రం పూజలో గంటలు ఒక్కసారి మోగి ఆగిపోతాయి. రోముకి వెళ్ళిపోయాయని అంటాం. శనివారం రాత్రి ఈస్టరు పూజకి గానీ తిరిగి రావు. ఈలోగా ప్రార్థన వేళలు ఊరికి చెప్పేది మా గంట గోపురంలో ఉన్న ఓక్ చెక్క పెట్టె. పిండి పిసికే తొట్టెంత ఉంటుంది. పక్కనున్న పిడిని రెండు చేతులా పట్టుకుని తిప్పితే లోపల పళ్ళ దుంగ తిరిగి, ఎనిమిది చెక్క సుత్తుల్ని ఒక్కొక్కటే పైకెత్తి వదులుతుంది. లోయ దాటి వినిపిస్తుంది. మొదట ఎవాల్డ్ వాళ్ళ నాన్న తిప్పాడు, తర్వాత ముప్పై ఒక్కేళ్ళుగా ఎవాల్డ్ తిప్పుతున్నాడు. ఏడు చుట్లు, ఒక ఊపిరంత ఆగడం, మళ్ళీ ఏడు చుట్లు. ఆ లెక్క ఊరందరికీ ఒంట్లో ఉంది.

కిందటి నవంబరులో మార్లీస్ చూరు గొట్టంలో ఆకులు తీస్తూ ఎవాల్డ్ నిచ్చెన మీంచి పడ్డాడు. ఏం కాలేదన్నాడు. కానీ ఆ తర్వాత కోటు కుడి చెయ్యి ఆగ్నెస్ తొడగవలసి వచ్చింది. పూజలో సిలువ గుర్తు వేసుకునేటప్పుడు ఎడమ చేత్తో కుడి మోచేతిని కింద నుంచి ఎత్తడం నేను చూశాను. భుజంలో నరం తెగిందట. డాక్టరుకీ ఆగ్నెస్‌కీ తప్ప ఎవరికీ చెప్పలేదు. నేను చూసినట్టు నేనూ చెప్పలేదు.

ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారం నాడు ఫాదర్ క్లెమెన్స్ పూజ చివర మెల్లగా ఒక మాటన్నారు. పాపం ఆయన ఐదు ఊళ్ళ చర్చిలు చూసుకోవాలి. "మన ఎవాల్డ్ గారికి డెబ్బై రెండు దాటాయి. ఎవరైనా చెయ్యి కలిపితే సంతోషం. లేకపోతే ఈ ఏడాది టకటకలు ఒకసారి రికార్డు చేసి, వచ్చే ఏటి నుంచి గోపురంలో స్పీకరు పెట్టుకుందాం."

ఎవరూ చెయ్యెత్తలేదు. ఎవాల్డ్ నొచ్చుకుంటాడని అందరికీ భయం. లియో కూడా ఎత్తలేదు. చెయ్యెత్తితే బావని దింపి తను ఎక్కినట్టుంటుందని అతని బాధ. అందరి మొహమాటాలూ కలిసి స్పీకరుకి ఓటేశాయి.

ఎవాల్డ్ మొహం ఆ రోజు చూసి ఉండాల్సింది. "గంటలు రోముకి వెళ్ళాయంటాం. మరి టకటకలు టేపులోకి వెళ్ళాయనాలా?" అన్నాడు. ఈ ఏడాది మూడు రోజులూ తను తిప్పితే ఆ స్పీకరు మాట ఎవరూ ఎత్తరు. తిప్పలేకపోతే ఆ పెట్టె ఇక మ్యూజియం సామానే. దానితోపాటు తనూ.

పవిత్ర గురువారం కూడా గురువారమే. ఏడింటికి దుకాణం తెరిచేసరికి ఎవాల్డ్ తలుపు దగ్గర మొదటివాడు. మర్నాడు దేశమంతా దుకాణాలు మూత కనుక జనం గుడ్లకోసం, రొట్టెకోసం తోసుకుంటుంటే, ఆయన నడి వరసలో కొత్త డ్రిల్లు మీద చెయ్యి వేశాడు. పాతవాటికి రెండింతలు బలం. మధ్యాహ్నం గోపురమెక్కి పెట్టె పిడి ఊడదీశాడు. ఇరుసు చివర ఒక బోల్టు బిగించి, దానికి డ్రిల్లు తగిలించాడు. ఆగ్నెస్ లైటు పట్టుకుంది.

"పవిత్ర వారంలో ఈ పనేంటయ్యా, పాపం కాదూ?" అంది.

"భుజం దేవుడిచ్చాడు, పాడైంది. డ్రిల్లు దుకాణంవాడిచ్చాడు, పాడైతే మారుస్తాడు. నన్నేం చెయ్యమంటావు?"

శుక్రవారం పొద్దున ఆరింటికి నేను పూజగదిలో నల్లబట్ట మడత పెడుతున్నాను. గోపురం మెట్లు ఆ గదిలోకే దిగుతాయి. పైన జరిగేదంతా అక్కడ వినిపిస్తుంది. టక, టక, టక అని మొదలవుతుందనుకుంటే టర్ర్ర్ర్‌ర్ అని ఒకటే ధార. రేకు కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు. ఆగడం లేదు, ఊపిరి లేదు. ఊళ్ళో కుక్కలన్నీ లేచాయి. మార్లీస్ నైటీ మీద కోటు తొడుక్కుని చర్చి వాకిట్లోకి వచ్చేసింది.

కిందికి దిగొచ్చిన ఎవాల్డ్‌ని పట్టుకుని, "నాయనా ఎవాల్డూ, ప్రభువు ప్రాణం విడవడానికి మధ్యాహ్నం మూడింటిదాకా టైముంది కదా. ఎందుకంత తొందరపెడుతున్నావ్?" అంది.

"కొత్త గ్రీజు వేశాను మార్లీసమ్మా. జోరుగా తిరుగుతోంది."

శుభ శుక్రవారం నాడు అబద్ధమాడాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

మధ్యాహ్నం పన్నెండింటికి రెండోసారి. టర్ర్ర్ర్ అని రాగం ఎత్తుకుంది. తర్వాత ఫటేల్ ఫటేల్‌మని రెండు దెబ్బలు. తర్వాత చడీచప్పుడు లేదు. మెట్ల మీద ఏదో ఠక్కు ఠక్కుమంటూ దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. చెక్క సుత్తి, సగం విరిగినది. వెనకాలే కాలిన వాసన దిగింది.

చర్చి ముందు సిలువ నిలబెడుతున్న లియో చేతిలో పని వదిలేసి నన్ను దాటుకుంటూ మూడేసి మెట్లు ఒక అడుగుగా ఎక్కాడు. శుభ శుక్రవారం కదా, పైన ఇద్దరూ గుసగుసల్లో పోట్లాడుకున్నారు.

"ఇదేంటి బావా?"

"డ్రిల్లు."

"కనబడుతోంది. ఇక్కడేం చేస్తోంది?"

"పడుకుంది."

"ఎన్నో గేర్లో పెట్టావు?"

"రెండులో."

"రెండోది వేగానికి. బలానికి ఒకటోది. దానితో వచ్చిన పుస్తకం చదవలేదా?"

"పన్నెండు భాషల్లో ఉంది లియో. మన భాష దొరికేలోపు గంటలు రోముకి బయల్దేరాయి."

పైన ఎవరో ముక్కు ఎగపీల్చారు. లియో డ్రిల్లుని వాసన చూస్తున్నాడని తర్వాత తెలిసింది.

"ఇది చావలేదు. వేడెక్కి తనంతట తానే ఆగింది. బుద్ధి ఉన్నదే" అన్నాడు కష్టంగా, పన్ను పీకించుకుంటున్నవాడిలా. "నిన్నగాక మొన్న నాదీ ఇలాగే ఆగింది. తప్పు దానిది కాదు. దెబ్బ తిన్నవి సుత్తులు. రెండు పోయాయి. రెండూ లేకుండా తిప్పితే పళ్ళ దుంగ కూడా పోతుంది."

"మూడింటికి పూజ."

"తెలుసు."

"అందరూ దీన్ని వినే బయల్దేరతారు."

"తెలుసు బావా."

లియో కార్ఖానాలో మంచి కర్ర ఉంది. కానీ అక్కడి పెద్ద రంపం మోటారు పెడితే అవతలి ఊరికి వినబడుతుంది. శుభ శుక్రవారం నాడు మిషను మోత అంటే మా ఊళ్ళో పెళ్ళింట్లో ఏడుపు లాంటిది. అతని బ్యాటరీ రంపం సంగతి అడిగితే, అది వ్యానులో ఉంది, వ్యాను పనివాడితో కోబ్లెంజ్ పట్నంలో ఉంది.

"చేతి రంపం?" అన్నాడు ఎవాల్డ్. "మీ తాతది, అంత పొడుగుది."

"దుకాణం ముందు గోడకి అలంకారంగా కొట్టాను. దానికి నీకంటే తక్కువ పళ్ళున్నాయి."

పావుగంట తర్వాత లియో కర్రముక్క చంకలో పెట్టుకుని ఎవాల్డ్ పెరటి గుమ్మం ముందు నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. "బావా, నీ సన్నరంపం…" అన్నాడు. అంతే అన్నాడు. ఆ మాట కోసం ఎవాల్డ్ ముప్పై ఏళ్ళు ఎదురుచూసి ఉండొచ్చు. చర్చి మెట్ల మీద పడ్డ మాటలన్నిటికీ బదులు చెప్పడానికి అంతకు మించిన సమయం లేదు. ఆయన మాత్రం తలుపు పూర్తిగా తీసి, "నిలబడ్డావేం, లోపలికి రా. మూడు దీపాలూ వెలుగుతున్నాయి" అని చేతితొడుగులు అందించాడు.

మోత బయటికి పోకుండా కిటికీలకు ఆగ్నెస్ తన పెళ్ళినాటి ఈకల పరుపులు వేలాడదీసింది. అదీ చాలదని కొట్టం ముందు కుర్చీ వేసుకుని జపమాల అందుకుంది. లోపల రంపం మొదలైనప్పుడల్లా ఆగ్నెస్ గొంతు పెంచేది. ఆగితే తగ్గించేది. గోడ అవతల నుంచి మార్లీస్ విని, ఆగ్నెస్‌కి ఇంత భక్తి ఎప్పుడు పుట్టిందా అని తన జపమాల తెచ్చుకుని పక్కన కూర్చుంది. దారిన పోయే మరో నలుగురు ఆడవాళ్ళు చేరారు. నేను ఇస్త్రీ వదిలేసి వెళ్ళి ఏడోదాన్నయ్యాను. "పరలోక మందున్న మా తండ్రీ" అని మేమంటే లోపలి నుంచి గుర్ర్ర్ర్ అని జవాబు.

"ఈ ఏడాది దేవుడు తొందరగానే పలుకుతున్నాడు" అంది మార్లీస్, కళ్ళు మూసుకునే. ఎవరూ నవ్వలేదు. భుజాలు మాత్రం అందరివీ కదిలాయి.

లోపల మాటలు పరుపుల సందుల్లోంచి వినిపిస్తూనే ఉన్నాయి.

"ఎడమకి వాలుతోంది బావా, ఇది!"

"దాని అలవాటు. కర్రని కుడికి వంచి పట్టు. నేను అలాగే చేస్తా."

"మిషనుకి తగ్గట్టు మనిషి వంగాలా?"

"నీ మిషను కొనడానికి బ్యాంకు ముందు వంగలేదూ?"

రెండింబావుకి రెండు కొత్త సుత్తులు తయారయ్యాయి. ఎవాల్డ్ పదకొండేళ్ళ మిషను వాటిని వెన్నలా రుద్దింది. లియో వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ మిషను ఇంకా దొరుకుతుందా?" అని అడిగాడు.

ఇద్దరూ గోపురమెక్కారు. నేను కింద పూజగదిలో ఉన్నాను. సుత్తులు అమర్చిన చప్పుడు, తర్వాత ఇనప పిడి మళ్ళీ ఇరుసుకి ఎక్కిన చప్పుడు వినబడ్డాయి. డ్రిల్లుని ఎవాల్డ్ తన టోపీలో పెట్టి పక్కనుంచాడట. మూడింటికి ఇంకా పది నిమిషాలుంది. ఊరంతా ఇళ్ళల్లో కోట్లు తొడుక్కుని కూర్చుని ఉంటుంది, చెవులు గోపురం వైపు పెట్టి.

పైన ఎవాల్డ్ పిడి పట్టుకున్నాడు. ఒక్క చుట్టు. టక, టక, టక. సగంలో ఆగింది. నొప్పికి మూలిగిన చప్పుడు. మళ్ళీ పట్టుకున్నాడు. ఈసారి అర చుట్టు కూడా తిరగలేదు.

లియో పావురాల వంక చూస్తూ నిలబడ్డాడట. నేను తిప్పనా అని తనే ముందు అనొచ్చు. అంటే బావ ముప్పై ఒక్కేళ్ళూ ఆ మెట్ల మీంచి దొర్లిపోతాయి. తెలిసినవాడు కనుకనే నోరు విప్పలేదు. నేను కింద చేతిలో నల్లబట్ట పట్టుకుని, ప్రభూ, ఆ ఇద్దరిలో ఎవరో ఒకరి నాలుక కదిలించు అనుకున్నాను.

అప్పుడు ఎవాల్డ్ గొంతు వినబడింది. ఆ గొంతుతో అలాంటి మాట ఈ ఊళ్ళో ఎవరమూ వినలేదు.

"లియో, నాకు భుజం పోయింది. నవంబరులోనే పోయింది. నాకొక సాయం చేస్తావా? నువ్వు తిప్పు, నేను లెక్కపెడతా. ఏడు చుట్లు తిప్పి ఒక్క ఊపిరి ఆగు. మా నాన్న అక్కడే చెయ్యి మార్చుకునేవాడు. నేను కూడా అందుకే ఆగేవాణ్ణి. ఇప్పుడు మార్లీస్ చర్చికి కొండ ఎక్కుతూ, టకటకలు ఆగినప్పుడే నిలబడి ఆయాసం తీర్చుకుంటుంది. అది మాత్రం మర్చిపోకు."